శాలువాలు చాలు, మొదటి ఆర్డర్ ఇవ్వండి

‘‘సార్, మూడు శాలువాలున్నాయి. మూడు మెమెంటోలున్నాయి. ఆర్డర్ మాత్రం ఒక్కటీ లేదు.’’ దేవరకొండ వైపు ఒక తండా నుంచి వచ్చిన నర్సింగ్ పట్టభద్రురాలు మొన్న మా కార్యాలయంలో కూర్చుని అన్న మాట ఇది. ఆమె, ఆమె తమ్ముడు కలిసి చిన్న సంస్థ పెట్టుకున్నారు. గర్భిణులకు లంబాడీ భాషలో ఫోన్ చేసి ఐరన్ మాత్రలు వేసుకున్నారా అని కనుక్కుంటారు, పరీక్షల తేదీ గుర్తు చేస్తారు. పనికోసం ఊరు దాటిపోయిన వాళ్లకు అక్కడ దగ్గరలో ఉన్న ప్రభుత్వ దవాఖాన ఏదో చెబుతారు. ఇక్కడ ఆశా కార్యకర్తకు కబురు అందిస్తారు. మూడు నెలలు పైసా తీసుకోకుండా చేసి చూపించమని జిల్లా కార్యాలయంలో అధికారులన్నారు, వీళ్లు చూపించారు. బాగుందని వేదిక ఎక్కించి శాలువా కప్పారు. మర్నాడు డబ్బుల సంగతి అడగబోతే అదే కార్యాలయంలో మూడేళ్ల టర్నోవర్ ధ్రువపత్రం తెమ్మన్నారు.

సంస్థ వయసు ఎనిమిది నెలలు. మూడేళ్ల లెక్కలు ఎక్కడి నుంచి తెస్తుంది? ఆమెకు మొదటి ఆర్డర్ ఎవరివ్వాలి?

ఇది ఒక్క అమ్మాయి బాధే అయితే సంపాదకీయం రాయనక్కర్లేదు. పేదల ఆరోగ్యం కోసం ఏదైనా చేద్దామని బయల్దేరిన ప్రతి ఒక్కరికీ ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇదే ఎదురవుతోంది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో అది 70 శాతం. మాత్రలు లేక కాదు, ఉప కేంద్రాల్లో ఉన్నాయి. కానీ పాలమూరు నుంచి మట్టి పనికో, కట్టడాల పనికో ముంబయి, పుణె పోయిన గర్భిణికి ఆ మాత్ర ఎవరిస్తారు? పరీక్షల కార్డు ఊళ్లో పెట్టెలో ఉంటుంది, మనిషి పరాయి రాష్ట్రంలో గుడారంలో ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత కాన్పుకు దిగినప్పుడు గానీ ఒంట్లో రక్తం లేదని తెలియదు. ఆ ఖాళీని పూడ్చాలంటే ఆ తండా భాష తెలిసిన వాళ్లు, ఆ వలస దారి ఎరిగిన వాళ్లు కావాలి. అలాంటి వాళ్లు వచ్చారు, వాళ్లను గడపలోనే ఆపేస్తున్నారు.

మంచి పద్ధతి ఉన్నా నడిపించేవాళ్లకు డబ్బులివ్వక ఆగిపోవడం నల్లగొండకు కొత్త కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీళ్లలో ఎముకలను వంచేసే ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. మన జిల్లా పేరు మోసుకుని అది ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ఊళ్లలో మాత్రం వంకర కాళ్లతో పెరిగిన తరాలు ఇంకా మన కళ్ల ముందే ఉన్నాయి. పద్ధతి లేక వచ్చిన కష్టం కాదది. రోజూ పటిక కలిపేదెవరు, అడుగున దిగిన మడ్డిని ఎత్తిపోసేదెవరు, వాళ్లకు కూలీ ఇచ్చేదెవరు అన్నది ఎవరూ తేల్చలేదు. తర్వాత దాతలు, నాయకులు ఊరూరా ఆర్వో ప్లాంట్లు పెట్టారు. రిబ్బన్ కత్తిరించిన రోజు ఫొటోలు మేమే వేశాం. నీళ్లను వడగట్టే పొర, మెంబ్రేన్ మార్చాల్సి వచ్చేసరికి డబ్బుల్లేక ఎన్ని షెడ్లకు తాళం పడిందో ఆ ఊళ్లవాళ్లను అడిగితే చెబుతారు. తయారు చేసినవాడికి ఒక్కసారి డబ్బులిచ్చి చేతులు దులుపుకుంటే ఇలాగే అవుతుంది. నడిపించే మనిషికి కొలువు లేకపోతే ఏ యంత్రమైనా తుప్పే.

చింతకింది మల్లేశాన్ని గుర్తు చేసుకుందాం. ఆలేరు దగ్గర శారాజిపేట. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక యంత్రం చేయాలనుకున్నాడు. 1992లో మొదలుపెడితే 1999లో గానీ చేతికి రాలేదు. ఆ ఏడేళ్లూ అప్పులు, ఎగతాళి. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషం. కానీ ఆ ఏడేళ్లలో ఏ ఒక్క ఏడాదైనా ఎవరైనా చెయ్యి పట్టుకుని ఉంటే ఎంతమంది తల్లుల భుజాలు ముందే కుదుటపడేవి! గెలిచాక పతకం ఇవ్వడం ఎవరైనా చేస్తారు. మొదటి ఏడాది ఎవరు భరిస్తారన్నదే మా ప్రశ్న.

ప్రజాధనానికి లెక్క చెప్పాలి, పరీక్షించని వస్తువును పేదల ఒంటి మీద వాడలేం అని అధికారులంటారు. నిజమే, పరీక్ష జరగాల్సిందే. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. పరీక్షించడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా టర్నోవర్ కాగితం చూస్తే మందు పనిచేస్తుందో లేదో తెలుస్తుందా? స్టార్టప్‌లకు ముందస్తు అనుభవం, టర్నోవర్ నిబంధనలు సడలించవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. నాణ్యతలో రాజీ పడొద్దని మాత్రమే షరతు పెట్టింది. పదేళ్ల కిందటి ఆ వెసులుబాటు జిల్లా కార్యాలయాల బల్ల దాకా ఇంకా రాలేదు.

కొత్త సంస్థలకు ఊతమివ్వడానికి హైదరాబాద్‌లో టీ హబ్ 2015లో వచ్చింది. ఆడవాళ్ల కోసం వీ హబ్ 2018లో వచ్చింది. 2023లో మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ ఐటీ టవర్లు కట్టారు. బయోటెక్నాలజీ రంగంలో తొలి అడుగు వేసేవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ 50 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తుంది. 2021లో తెచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద నమూనా దశలోనే 20 లక్షల దాకా ఇచ్చే ఏర్పాటు చేశారు. కాగితం మీద లోటేమీ లేదు. కానీ అచ్చంపేట అవతల, మన్ననూరు దగ్గర అడవిలో చెంచుల గూడేలైన పెంటల్లో పనిచేసే కుర్రాడు ఇంగ్లిష్‌లో ఇరవై పేజీల దరఖాస్తు నింపి, హైదరాబాద్‌లో కూర్చున్న వాళ్ల ముందు పది నిమిషాల్లో వివరించి, వచ్చే అయిదేళ్లలో ఎన్ని కోట్ల వ్యాపారం చేస్తావంటే జవాబు చెప్పాలి. అతను కోట్ల కోసం రాలేదు. పెంటలో బాలింతకు జ్వరమొస్తే గంటలో మనిషి చేరాలన్నది అతని లెక్క. ఆ లెక్కకు దరఖాస్తులో గడి లేదు.

మాకు అన్నింటికంటే భయం కలిగిస్తున్నది ఈ ‘ఉచితంగా చేసి చూపించండి’ అనే అలవాటు. ఇవాళ ఒక తండా అమ్మాయితో మూడు నెలలు ఊరికే చేయించుకున్నారు. ఎవరూ అడగకపోతే రేపు ఇదే పద్ధతి అవుతుంది. ఏడాది పాటు జీతం లేకుండా బతకగలిగినవాళ్లే ఈ రంగంలో మిగులుతారు. అంటే ఇంట్లో డబ్బున్నవాళ్లు. రక్తహీనతతో కాన్పైన తల్లి కడుపున పుట్టిన బిడ్డకు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లాడికి అక్కడ చోటుండదు. ఆ కష్టం ఒంటికి తగిలినవాళ్లను బయట నిలబెట్టి, ఆరోగ్యంలో సమానత్వం గురించి సభల్లో ఎట్లా మాట్లాడతారు? సిమెంటు రోడ్డు వేసిన కాంట్రాక్టరును ముందు ఊరికే వేసి చూపించమని ఏ కార్యాలయమైనా అడిగిందా? ఆడపిల్ల చేస్తే, అది ఆరోగ్యం పనైతే సేవ అయిపోతుందా?

డబ్బులు ఎక్కడున్నాయని అడగొద్దు. హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువుల్లో సున్నపురాయి తవ్వుకుంటున్న సిమెంటు ఫ్యాక్టరీలు ఆ ప్రాంతంలో జిల్లా ఖనిజ నిధికి డబ్బు కడుతున్నాయి. ఆ నిధిలో తాగునీరు, ఆరోగ్యం ప్రాధాన్య రంగాలని నిబంధనల్లోనే ఉంది. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు పెట్టాలి. అందులో కొంత బస్ షెల్టర్ల మీద పేర్లు రాయించుకోవడానికి కాకుండా ఇలాంటి సంస్థల తొలి ఏడాది జీతాలకు ఇవ్వొచ్చు. కలెక్టర్లు తలుచుకుంటే ఒక్కో జిల్లాలో అయిదారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ఎంచుకుని, డబ్బు చెల్లించి ఏడాది ప్రయోగం చేయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. బిల్లు నెలలోపు చెల్లించాలి. చిన్న సంస్థకు ఆరు నెలలు బిల్లు ఆగితే అది మూతపడ్డట్టే. పని బాగా లేకపోతే ఏడాది తర్వాత వద్దనండి, ఎవరూ కాదనరు. ఆ ఏడాదైనా ఇవ్వకుండా వద్దనడానికి ఎవరికి హక్కుంది?

మళ్లీ పంద్రాగస్టు వస్తుంది. పరేడ్ మైదానంలో స్టాళ్లు పెడతారు. ఆ అమ్మాయిని మళ్లీ పిలుస్తారు, మంత్రిగారు ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తుంటే ఫొటో తీస్తారు. అయ్యా, నాలుగో శాలువా కొనకండి. ఆమెతో ఊరికే చేయించుకున్న మూడు నెలల పనికి బిల్లు కట్టండి. ఆర్డర్ కాగితం చేతిలో పెట్టి, ఆ తర్వాత ఆమెను వేదిక మీదికి పిలవండి.