సవరణ: ఉద్దానం కిడ్నీ వ్యాధికి కారణం ఇంకా తేలలేదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని మూత్రపిండాల వ్యాధికి భూగర్భ జలాల్లోని సిలికాయే కారణమని గత వారం నేను రాసిన మాట తప్పు. సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేసేవారి ఒంట్లో నీరు తగ్గిపోవడం, ఇవన్నీ అనుమానాలుగానే ఉన్నాయి తప్ప, ఏ ఒక్కటీ ఏకైక కారణంగా రుజువు కాలేదు.

రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడగట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.1 ఉంటే భయం లేదని నేను రాయడం అంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు, ఎందుకంటే మూత్రపిండాల పనితీరు సగం దాకా పడిపోయినా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు. కవిటి దగ్గర జీడితోటలో పనిచేసే మా చిన్నాన్న నా రాత చదివి, రక్తపరీక్ష చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, ఇక పరీక్షలు అక్కర్లేదన్నారు. ఆ మాటకు నా మనసు కలుక్కుమంది. క్రియాటినిన్‌తో పాటు వయసును కూడా లెక్కలోకి తీసుకునే ఈజీఎఫ్‌ఆర్ (మూత్రపిండాలు రక్తాన్ని ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే అంచనా) చూడాలి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని చూసే పరీక్ష కూడా అవసరమే, అయితే ఈ రకం వ్యాధిలో ఆల్బుమిన్ తొలిదశలో అంతగా పోకపోవచ్చు కాబట్టి అదొక్కటే చాలదు.