ఓటు పుట్టాకే మనిషి కనపడ్డాడు

సంపూర్ణేష్ బాబు సినిమా అంటే పేరడీలూ పంచ్‌లే అనుకుని ‘మార్టిన్ లూథర్ కింగ్’ని 2023 అక్టోబర్‌లో చాలామంది థియేటర్‌కి వెళ్లి చూడలేదు. మా దృష్టిలో అది మిస్సవకూడని సినిమా, అందులోనూ అది వచ్చిన నెలకే తెలంగాణలో అసెంబ్లీ ఎన్నికలు, అప్పుడే జనం దీని గురించి మాట్లాడుకోవాల్సింది.

కథ తమిళ ‘మండేలా’ది. యోగిబాబు చేసిన ఆ సినిమా 2021లో తమిళనాడు పోలింగ్‌కి రెండ్రోజుల ముందు టీవీలో వేశారు, తర్వాత నేషనల్ అవార్డులూ వచ్చాయి. తెలుగులో డైరెక్టర్ పూజ కొల్లూరు క్షురకుడిని చెప్పులు కుట్టేవాడిగా మార్చారు. చెట్టు కింద బతికే అతన్ని ఊళ్లో ఎవరి నోటికొచ్చిన పేరుతో వాళ్లు పిలుస్తారు, పని చేయించుకుంటారు, కూలి ఇస్తే ఇచ్చినట్టు లేకపోతే లేదు. దాచుకున్న డబ్బు పోయేసరికి పోస్టాఫీసులో అకౌంట్ తెరుద్దామని వెళ్తే పేరేంటి, కార్డేది అంటారు, అతని దగ్గర రెండూ లేవు. అక్కడ పనిచేసే వసంత అతనికి మార్టిన్ లూథర్ కింగ్ అని పేరు పెట్టి, ఓటరు కార్డు వచ్చేలా చూస్తుంది. సర్పంచ్ పోటీలో నరేష్, వెంకటేష్ మహా పాత్రల వర్గాలకి ఓట్లు సరిసమానం అని తేలాక, నిన్నటిదాకా లెక్కలో లేని ఆ ఒక్క కార్డు కోసం ఊరి పెద్దలు చెట్టు కిందకి పరిగెత్తుకొస్తారు.

నవ్వు మొత్తం అక్కడే ఉంది, కానీ ఆ నవ్వు ఎప్పుడూ ఆ చెప్పులు కుట్టేవాడి మీద పడదు, అతనికి గిఫ్టులు మోసుకొచ్చే వాళ్ల మీదే పడుతుంది. మన కామెడీల్లో పేదోడి యాసనీ అమాయకత్వాన్నీ చూపించి నవ్వించడం ఎంత అలవాటైపోయిందో తెలిసిన వాళ్లకి ఇది చిన్న విషయం కాదని అర్థమవుతుంది. సంపూర్ణేష్ కూడా తన పాత స్టైల్ అంతా పక్కన పెట్టి, చాలా తక్కువ మాటలతో చేశాడు.

మా కంప్లైంట్ ఒకటుంది. ఊరిని చీల్చింది కులమని ప్రేక్షకుడికి తెలుస్తూనే ఉంటుంది, సినిమా మాత్రం దాని పేరు ఎత్తదు. తమిళంలో కూడా ఉత్తరపు ఊరు, దక్షిణపు ఊరు అని దాటేశారు. మన పల్లెల్లో ఏ వీధి ఎవరిదో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు, అలాంటప్పుడు సినిమాకి అంత భయమెందుకు? గొడవలూ కేసులూ వస్తాయని తీసేవాళ్లు జాగ్రత్త పడి ఉండొచ్చు, కానీ ఆ జాగ్రత్త వల్ల సెకండాఫ్‌లో పదును తగ్గింది.

ఒక్క ఓటు మీద ఎన్నిక తిరగడం సినిమా కల్పనే అనుకునేవాళ్లు 2008 రాజస్థాన్ అసెంబ్లీ ఎన్నికలు గుర్తు తెచ్చుకోవాలి, నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సీపీ జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఇక ఓటుకి రేటు సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో డబ్బు కవర్లు మాకెందుకు రాలేదని ఓటర్లే రోడ్డెక్కారు. ఈ కథలో హీరో కూడా ముందు తీసుకునే మనిషే, తర్వాత ఆ ఒక్క ఓటునే అడ్డం పెట్టి ఊరికి రోడ్డూ లైట్లూ బడీ అడుగుతాడు, ఆ మలుపు దగ్గర సినిమా నిజంగా పెద్దదవుతుంది.

పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చే ముందు ఊరూరా స్క్రీన్ కట్టి ఈ సినిమా వేయాలని మా కోరిక, యువజన సంఘాలు పూనుకుంటే పెద్ద ఖర్చేం కాదు.