వరాళి మధ్యలో ప్రకటనలా?

సంక్రాంతి సెలవుల్లో ఏ ఛానల్ పెట్టినా సినిమా ఈవెంట్లే, యాంకర్ల కేకలే. 2025లో పుష్య బహుళ పంచమి జనవరి 18న వచ్చింది. ఆ తిథిన జరిగే త్యాగరాజ ఆరాధన సెలవుల్లోనే పడిందని ఎంత సంబరపడ్డానో! పొద్దున్నే అమ్మ కృతుల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. టీవీలో చూస్తే, తిరువయ్యారులో, కావేరి ఒడ్డున, వందల గొంతులు ఒక్కటై త్యాగరాజ పంచరత్న కృతులు పాడుతున్నాయి. నాట, గౌళ, ఆరభి రాగాల కృతులు అయ్యాయి. వరాళి రాగ కృతి మధ్యలో ప్రకటనలు వేసేశారు! తిరిగొచ్చేసరికి శ్రీరాగ కృతి సగం అయిపోయింది. అమ్మ మాట్లాడకుండా పుస్తకం మూసేసింది. ఆ పంచరత్నాల్లో నాలుగు తెలుగువే కదా! తమిళనాట అంతమంది నేర్చుకుని పాడుతుంటే, మన ఇళ్లకు అవి పూర్తిగా చేరవా? ఏడాదికి ఒక్కసారి. ఆ కాసేపైనా ప్రకటనలు ఆపండి.