తిట్టుకుంటూ చూసినా టీఆర్పీయే

సీరియళ్లు చూసేవాళ్లంటే మనకి చులకన. ఏం చూపించినా నమ్మేస్తారని, ఎంత సాగదీసినా నోరు మూసుకుని చూస్తారని ఒక అభిప్రాయం. అలా అనేవాళ్లు సీరియల్ చూస్తున్న అత్తయ్య పక్కన ఒక్క అరగంట కూర్చోవాలి. అంత ఘాటుగా ఏ సినిమా రివ్యూ రాసేవాడూ తిట్టడు. "తలుపు చాటున అంత లావు మనిషి నిలబడి వింటుంటే ఒక్కరికీ కనపడదా?" "నిద్రపోయేటప్పుడు కూడా ఆ వడ్డాణం ఏంటమ్మా?" "ఈవిడ మొన్న కదా ఊరికి పోయింది, మళ్లీ ఎప్పుడొచ్చింది?" కథ రాసేవాళ్లు మర్చిపోయిన సంగతులు కూడా వీళ్లకి గుర్తుంటాయి.

ఇంత తిట్టీ మర్నాడు మళ్లీ చూస్తారు. అందరూ నవ్వేది ఇక్కడే. నాకు మాత్రం ఆలోచించాల్సింది కూడా ఇక్కడే ఉందనిపిస్తుంది.

కార్తీక దీపం సంగతే తీసుకోండి. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. మలయాళంలో ఏషియానెట్‌లో వచ్చిన 'కరుత్తముత్తు' దీనికి మూలం. రెండింట్లోనూ నల్లని రంగు మేకప్‌తో కనిపించింది ప్రేమీ విశ్వనాథే. తెలుగులో ఆమె పాత్ర పేరు దీప. వంటలు చేసి బతుకుతుంది కాబట్టి ఊరందరికీ వంటలక్క. భర్త కార్తీక్ డాక్టర్. అతనికి పిల్లలు పుట్టే అవకాశం లేదని, అతని మీద మనసుపడ్డ మోనిత అబద్ధం చెబుతుంది. అది నమ్మి, కడుపుతో ఉన్న భార్యని అనుమానించి వదిలేస్తాడు. పుట్టిన కవలల్లో శౌర్య తల్లి దగ్గర, హిమ తండ్రి దగ్గర పెరుగుతారు.

చూసేవాళ్ల ప్రశ్న ఒకటే: డాక్టర్‌వి కదయ్యా, ఒక్క డీఎన్ఏ టెస్ట్ చేయించుకోవచ్చుగా? దీని మీద వచ్చిన మీమ్స్‌కి లెక్కే లేదు. సీరియల్ మొహం చూడనివాళ్లకి కూడా డాక్టర్ బాబు, డీఎన్ఏ టెస్ట్ తెలుసు. కథలో ఇంత పెద్ద చిల్లు ఉందని తెలిసీ జనం ఎందుకు కదల్లేదు? నా ఉద్దేశంలో, అతను టెస్ట్ ఎందుకు చేయించుకోడో వాళ్లకి బాగా తెలుసు. అనుమానం పట్టుకున్న మొగుడు రుజువు కోసం వెతకడు. అలాంటి మనుషులు అన్ని వీధుల్లోనూ ఉన్నారు. తప్పు చేయలేదని తానే నిరూపించుకోవాల్సి వచ్చిన ఆడవాళ్లు చుట్టాల్లో కనీసం ఒకరైనా ఉంటారు. కాబట్టి డీఎన్ఏ జోక్ సగం రచయిత మీద, సగం కార్తీక్ మీద. ఆ రెండో సగం కోసమే రాత్రి ఏడున్నరకి టీవీ ముందు చేరేవాళ్లు.

సాగదీత సంగతికొస్తే, అదీ చూసేవాళ్లకి పనికొచ్చేదే. అరగంటలో ప్రకటనలు తీసేస్తే ఇరవై నిమిషాల చిల్లర మిగులుతుంది. ఎవరో ఒక మాట అంటారు. గదిలో ఉన్న ఆరుగురి మొహాలూ ఒక్కొక్కటే దగ్గరగా చూపిస్తారు, వెనక ఉరుములు. మళ్లీ మొదటి మొహం. ఈలోగా పోపు వేసి వచ్చినా కథ అక్కడే ఉంటుంది. ఇంట్లోవాళ్లు మాట్లాడుకునేది ఆ ఉరుముల మధ్యే. "చెప్పేయవే తల్లీ, ఇప్పుడే చెప్పేయ్" అని ఒకరు, "చెప్పదు, ఫోన్ మోగుతుంది చూడు" అని ఇంకొకరు. మోగుతుంది కూడా! ప్రోమోలో చెంపదెబ్బ చూపించి, ఎపిసోడ్‌లో అదంతా కల అని తేల్చేస్తారనీ ముందే తెలుసు. అయినా ఆ రోజుకి టెన్షన్ టెన్షనే.

చిక్కల్లా ఈ మాటలేవీ లెక్కలోకి రాకపోవడంతోనే. టీవీలో ఎవరేం చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ దేశంలో ఎంచుకున్న కొన్ని ఇళ్లలో మీటర్లు పెడుతుంది. ఛానల్ ప్రసారంలో మన చెవికి వినపడని ఒక గుర్తు కలిసి ఉంటుంది, మీటర్ దాన్ని పసిగడుతుంది. టీవీ ముందు ఎవరున్నారో చెప్పడానికి ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్. ప్రతి గురువారం టీఆర్పీ అంకెలు బయటికొస్తాయి. "చూస్తున్నాను గానీ ఒళ్లు మండుతోంది" అని చెప్పడానికి అందులో బటన్ లేదు. మెచ్చుకుంటూ చూసినా, శాపనార్థాలు పెడుతూ చూసినా ఛానల్‌కి అది ఒకే అంకె. మరి రచయిత ఎందుకు మారతాడు?

ఒక్కసారి మాత్రం అంకె మారింది. 2022 మార్చిలో కార్తీక్, దీప ఇద్దరినీ కారు ప్రమాదంలో చంపేశారు. కథ ఏళ్లు ముందుకి దూకి, పెద్దవాళ్లయిన శౌర్య, హిమల మీదికి వెళ్లింది. డీఎన్ఏ టెస్ట్‌ని ఏళ్ల తరబడి ఓర్చుకున్న జనం దీన్ని ఓర్చుకోలేదు. రేటింగ్ పడిపోయింది. కొన్ని నెలలు తిరక్కుండానే వంటలక్క బతికొచ్చింది, వెనకాలే డాక్టర్ బాబూ వచ్చాడు. చచ్చినవాళ్లు బతికి రావడం కన్నా వింత ఏముంటుంది? దానికి మాత్రం పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. వాళ్ల కోపం లాజిక్ గురించైతే అప్పుడు కదా గోల చేయాల్సింది. నాలుగేళ్లు ఏడ్చిన మనిషి కాపురం నాలుగు రోజులు చూద్దామనుకుంటే ఆ ముచ్చట తీరకుండా చేశారని వాళ్ల బాధ. అది న్యాయమైన బాధేనని నేనంటాను. అన్నాళ్లు కూర్చోబెట్టినవాళ్లు ఆ మాత్రం బాకీ తీర్చాలి.

2024 మార్చిలో రెండో భాగం మొదలైంది. అదే జంట, అవే పేర్లు, కథ మాత్రం కొత్తది. ఈసారి రహస్యం దీప పుట్టుకది: పసిబిడ్డలు తారుమారయ్యారు, దీప ఎవరి కూతురో చూసేవాళ్లకి తెలుసు, కన్నవాళ్లకి తెలీదు. అంటే మళ్లీ డీఎన్ఏ టెస్ట్‌తో తేలిపోయే కథే. ఇది తెలియక రాసి ఉంటారని నేననుకోను.