బోణీ బేరం, ఇస్తాంబుల్ శాఖ

టర్కీలోని ఇస్తాంబుల్‌లో ఆయా సోఫియా అనే ప్రాచీన మసీదు చూడాలంటే విదేశీ యాత్రికులు తలకు 25 యూరోలు కట్టాలి. 2024 జనవరి నుంచి పెట్టిన రుసుము అది. ఆ ఏడాది అక్టోబరులో మేము వెళ్ళాం. మా ఆవిడకూ నాకూ కలిపి 50 యూరోలు, మన డబ్బుల్లో నాలుగున్నర వేల పైమాటే. కార్డు ఇచ్చాను, టికెట్లు ఇచ్చారు. ‘మరీ అంత చెబితే ఎలాగండీ’ అని నేను అనలేదు. ‘ఇద్దరం వచ్చాం కదా, నలభైకి ఇవ్వండి’ అని మా ఆవిడ అనలేదు. హైదరాబాద్ సుల్తాన్ బజారులో జాకెట్టు ముక్క మీద పది రూపాయల కోసం మూడు కొట్ల మెట్లు దిగే మనిషి బుద్ధిగా వరుసలో నిలబడి లోపలికి నడిచింది.

అదే రోజు మధ్యాహ్నం, అక్కడికి ట్రాములో రెండు స్టాపుల దూరంలో, ఒక పింగాణీ గిన్నె దగ్గర 20 లీరాల తేడా వచ్చి మేమిద్దరం కొట్టులోంచి అలిగి లేచి వచ్చేశాం. లీరా అప్పట్లో రెండున్నర రూపాయలు. అంటే 50 రూపాయల అలక.

దీన్ని పిసినారితనం అనేవాళ్ళకు అర్థశాస్త్రం తెలియదు. అచ్చు వేసిన ధర ముందు తల వంచడం, నోటితో చెప్పిన ధర మీద తిరగబడటం మన సనాతన ధర్మం. విమానం టికెట్టు రాత్రి ఒక ధర, తెల్లారేసరికి ఇంకో ధర చూపిస్తుంది, నోరెత్తం. ఎత్తినా ఎవరి మీద? కంప్యూటర్ తెరకు అభిమానం ఉండదు, ఇంట్లో పిల్లలుండరు, ‘పోనీలెండి, మీ మాట ఎందుకు కాదనాలి’ అనడం రాదు. బేరానికి ఎదురుగా మనిషి ఉండాలి. ఆ మనిషి మనకంటే కాస్త లేనివాడైతే బేరం మరింత రుచిగా ఉంటుంది.

వస్తువుకు చీటీ అంటించి ఒకే ధర అనే దురాచారం కొత్తదేమీ కాదు. 17వ శతాబ్దంలోనే జపానులో మిత్సుయి తకతోషి అనే వర్తకుడు తన ఎచిగోయా బట్టల కొట్టులో ‘నగదు ఇవ్వండి, అందరికీ ఒకే ధర’ అన్నాడు. తర్వాత పారిస్ పెద్ద దుకాణాలు దాన్ని పట్టుకున్నాయి. అక్కడి నుంచి ప్రపంచానికి తెగులులా పాకింది. ఇంకా ఆ తెగులు సోకని పుణ్యస్థలాల్లో ఒకటి ఇస్తాంబుల్‌లోని పెద్ద బజారు. కపలి చార్షీ అంటారు వాళ్ళు, అంటే కప్పు వేసిన అంగడి. 1453లో ఆ నగరాన్ని గెలిచిన రెండో మెహ్మెద్ సుల్తాను హయాంలో మొదలై, ఇప్పుడు అరవై దాకా వీధులు, 4,000 దాకా దుకాణాలుగా పెరిగింది. టర్కీ భాషలో ‘పజార్’ అంటే సంత, ‘పజార్’ అంటే ఆదివారం కూడా. ఆ ఆదివారం నాడే ఈ బజారుకు సెలవు. ఇలాంటి తర్కం ఉన్న దేశంలో బేరం ఆడటానికి మనసు పొంగుతుంది.

పైగా అక్కడి ప్రభుత్వం కూడా బేరగాళ్ళదే. 2005 జనవరి 1న తమ నోట్ల మీద ఆరు సున్నాలు కొట్టేసి, పది లక్షల పాత లీరాలకు ఒక కొత్త లీరా అని తేల్చేసింది. కూరల బండి దగ్గర మా మేనత్త కూడా ఇంత కోత ఎన్నడూ కొయ్యలేదు.

నాకు ఉపదేశం ఇచ్చినవాడు మా తోడల్లుడు. అంతకు ముందు ఏడాది వెళ్ళివచ్చాడు. ‘చెప్పినదాంట్లో మూడోవంతు అడుగు. ఇష్టపడినట్టు కనపడకు. కుదరకపోతే లేచి వచ్చెయ్యి, వాడే పిలుస్తాడు’ అన్నాడు. మూడు సూత్రాలు. పతంజలి ఇంకాస్త ఎక్కువ రాశాడు గానీ ఇంత పనికొచ్చేవి రాయలేదు.

ఆ బజారులో మేము అలిగిన కొట్టు యజమాని అరవై దాటిన మనిషి. మమ్మల్ని చూడగానే ‘ఇండియా! షారుఖ్ ఖాన్!’ అన్నాడు. ఒక్క తెలుగు హీరో పేరు చెప్పి ఉంటే 10 లీరాలు ఎక్కువ ఇచ్చేవాడినేమో, చెప్పలేదు. నీలం తులిప్ పువ్వులు వేసిన గిన్నెను మా ఆవిడ చేతిలోకి తీసుకుని ‘ఏమండీ, ఎంత బాగుందో!’ అంది. రెండో సూత్రం అక్కడే మంటగలిసింది. తెలుగు రాకపోయినా ఆ గొంతు ఏ దేశపు వ్యాపారికైనా అర్థమవుతుంది.

అతను కాలిక్యులేటర్ మీద 600 కొట్టి మా వైపు తిప్పాడు. నేను చెరిపి 200 కొట్టాను. అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ వేసుకోవడంలో నొప్పి లేదు, ఏళ్ళ తరబడి సాధన ఉంది. వెంటనే సందులోకి ఏదో కేక వేశాడు. త్రాసు పళ్ళెంలా మూడు కమ్మీలకు వేలాడే పళ్ళెం పట్టుకుని కుర్రవాడు వచ్చాడు. నడుము సన్నని గాజు గ్లాసుల్లో ఎర్రటి టీ, రెండే గ్లాసులు. పెద్దాయన తాగలేదు. అరగంట గడిచింది. అతను 400 దగ్గర ఆగాడు, నేను 380 దగ్గర ఆగాను. ఇద్దరం దేశాల ప్రతినిధుల్లా కూర్చున్నాం. మూడో సూత్రం గుర్తొచ్చి లేచాను.

ఈ సూత్రం కోఠిలో పుట్టింది. అక్కడ వీధి తిన్నగా ఉంటుంది, మన వీపు వ్యాపారికి చాలాసేపు కనపడుతుంది, ‘అమ్మా, రండమ్మా’ అనే పిలుపు పదో అడుగులో వినపడుతుంది. కపలి చార్షీలో మూడో అడుగుకే మలుపు. పిలిచాడో లేదో తెలియలేదు. నాలుగు మలుపులు తిరిగాక వెనక్కి వెళ్దామంటే దారి లేదు. ఎటు చూసినా దీపాలు, దీపాల పక్కన గిన్నెలు, అన్నిటి మీదా తులిప్ పువ్వులే. ఏ కొట్టులోంచి అవమానం పొంది వచ్చామో ఆ కొట్టు కోసం అడిగినవాడినల్లా అడుగుతూ ఇరవై నిమిషాలు తిరిగాం. దొరికేసరికి పెద్దాయన అక్కడే కూర్చుని ఉన్నాడు. గిన్నె బల్ల మీద పెట్టినచోటే ఉంది. మమ్మల్ని చూసి ఏమీ అనకుండా సందులోకి మళ్ళీ కేక వేశాడు. మరో రెండు టీలు.

380కే ఇచ్చాడు. మా ఆవిడ కొసరు అడిగింది. నీలం దిష్టిపూస ఒకటి దారానికి కట్టి ఇచ్చాడు. బయట కొట్టులో టీ మాకు 30 లీరాలు పడింది. నాలుగు టీలకు 120. అది తీసేస్తే గిన్నె 260కి వచ్చినట్టు. హైదరాబాద్ వచ్చాక తోడల్లుడికి ఆ అంకే చెప్పాను. అది అబద్ధం కాదు, నికర ధర. ఆయన గిన్నెను తిప్పి చూసి ‘నేను 200కే తెచ్చాను’ అన్నాడు. ఎన్ని టీలు తాగాడో చెప్పలేదు.

నేను ఆయనకు చెప్పని సంగతి ఒకటుంది. పెద్దాయన నా రెండు నోట్లూ తీసుకుని 20 లీరాలు తిరిగిచ్చాక, డబ్బు సొరుగులో వెయ్యలేదు. నేల మీదికి జారవిడిచాడు. వంగి తీసుకుని గడ్డానికి రాసుకుని ఏదో అన్నాడు. పక్క కొట్టువాడు నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పాడు: సిఫ్తా, అంటే బోణీ. ‘బోణీ నీది, బరకత్తు (సమృద్ధి) దేవుడిది’ అన్నాడట. గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

‘ఇది పొద్దుటి నుంచి ఎన్నో బోణీయో’ అంది మా ఆవిడ, గిన్నెను కాగితంలో చుట్టించుకుంటూ. మన దగ్గరా సాయంత్రం దాకా బోణీలేగా. నేనూ నవ్వాను. బయటికి వచ్చి మలుపు తిరగబోతూ వెనక్కి చూశాను. కుర్రవాడు ఖాళీ గ్లాసులు తీసుకుపోతున్నాడు. వేలాడే పళ్ళెంలో నాలుగే ఉన్నాయి. నాలుగూ మావే.