హెచ్చరించామంటే సరిపోదు

కశ్మీర్‌లో మంచు గట్టిగా కురిసిన ప్రతిసారీ విపత్తు నిర్వహణ యంత్రాంగం నుంచి ఒక సందేశం వస్తుంది. ఫలానా జిల్లాలో ఇన్ని మీటర్లకు పైన, వచ్చే 24 గంటల్లో మంచుచరియలు విరిగిపడొచ్చు, అటు వెళ్లొద్దని. వాతావరణం కాస్త తెరిపివ్వగానే గుల్‌మార్గ్ గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) కదులుతుంది. దాదాపు 3,950 మీటర్ల ఎత్తున, అఫర్వాత్ కొండ భుజం మీద దింపుతుంది. గస్తీ ఉండే హద్దు దాటాక మనిషికి తోడు అదృష్టమొక్కటే.

2023 ఫిబ్రవరి 1న అక్కడే ఇద్దరు పోలండ్ స్కీయర్లు మంచు కింద చనిపోయారు. మరుసటి శీతాకాలం, 2024 ఫిబ్రవరి 22న, ఒక రష్యన్ స్కీయర్. 2023 ఏప్రిల్‌లో సిక్కింలోని నాథులా దారిలో ఏడుగురు పర్యాటకులు బలయ్యారు. అనుమతి 13వ మైలు వరకే, చరియ పడింది 15వ మైలు దగ్గర. మధ్యలో వాళ్లను ఆపాల్సింది ఎవరు? 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మానా వద్ద సరిహద్దు రోడ్డు కార్మికులు ఎనిమిది మంది పోయారు. అక్కడా హెచ్చరిక ముందురోజే వచ్చింది. ప్రాణాలు కాపాడాల్సిన కాగితం, ప్రమాదం తర్వాత ‘మేం చెప్పాం కదా’ అనడానికే పనికొస్తోంది.

పర్యాటకం మీద బతికే గైడ్లు, గుర్రాలవాళ్లు కొండ మూసేస్తే ఏం తింటారన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ చరియ పడితే తవ్వడానికి అందరికంటే ముందు పరిగెత్తేది వాళ్లే.

ప్రజల ఫోన్లకు చేరే ఆ రెండు వాక్యాల హెచ్చరికలో నడిచేవాడికి కావలసింది దాదాపు ఏమీ ఉండదు. ఏ దిక్కు వాలు, ఏ పొర బలహీనంగా ఉంది, గాలి ఎటు మంచు పోసింది అన్నదే అసలు సంగతి. సీజన్ మొదట్లో పల్చగా పడిన మంచు, నేల వెచ్చదనానికీ పైచలికీ మధ్య, పంచదార పలుకుల్లా విడివిడి గింజలుగా మారుతుంది. దాని మీద కొత్తమంచు పలకలా గట్టిపడుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆ పలక తెగడానికి ఒక్క మనిషి బరువు చాలు. స్కీయర్లను చంపే చరియల్లో అత్యధికం వాళ్లో, వాళ్ల వెంట ఉన్నవాళ్లో తెంపినవే. కాలికింద ‘ధబ్’మని కుంగిన చప్పుడు, స్కీల ముందు పాకే బీట కనిపిస్తే వెనుదిరగాల్సిందే. ఇంతకుముందు పదిమంది దాటిన అడుగులున్నాయన్నది భరోసా కాదు, పలక పదకొండో మనిషి కింద తెగొచ్చు. నడిచే దారి చదునైనా, నెత్తిమీద నిటారు వాలుంటే ప్రమాదం అంతే.

పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురిలో ఒక్కరు. సహాయక బృందం వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు, తవ్వాల్సింది పక్కనున్నవాడే. అందుకే ప్రతి మనిషి ఒంటికి (బ్యాగులో కాదు) ఆన్ చేసిన బీకన్ (మంచు కింద ఉన్నవారి జాడ తెలిపే సంకేత పరికరం), బ్యాగులో రెండున్నర మీటర్ల ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), లోహపు పార ఉండాలి. ఆగిన చరియ మంచు సిమెంటులా బిగుస్తుంది, ప్లాస్టిక్ పార విరుగుతుంది. వెతికేటప్పుడు ఫోను బీకన్‌కు కనీసం అరమీటరు దూరంలో ఉండకపోతే సంకేతం చెడుతుంది. మీటరు లోతున ఉన్న మనిషిని తీయాలంటే టన్నుకు పైగా మంచు తోడాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. హెచ్చరిక ఉన్న రోజు హద్దు దాటే గేటు మూయాలి. మిగతా రోజుల్లో బీకన్ మోగనివారిని దాటనివ్వకూడదు. రోజులో 30 సెంటీమీటర్లకు పైగా మంచు పడితే కనీసం రెండు రోజులు నిటారు వాలులు నిషేధించాలి. హెచ్చరిక ఒక శాఖ, టికెట్టు మరో శాఖ అనే సాకు ఇంకెన్ని శవాలదాకా?

ఈ మాట హైదరాబాద్, విశాఖల నుంచి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండకూ గుల్‌మార్గ్‌కూ బృందాలు కూర్చే నిర్వాహకులకూ వర్తిస్తుంది. మంచు పడిందని బ్యాచ్ నింపే ముందు, మీ దారి మీదున్న వాలు ఎన్ని డిగ్రీలో చెప్పండి. బీకన్‌తో వెతకడం మీ గైడుకు వచ్చో రాదో చెప్పండి. చెప్పలేకపోతే తీసుకున్న డబ్బు వెనక్కివ్వండి.