జాకీ మీద పది మార్కులు

ఆటోమొబైల్ పరీక్షల గైడ్లను చులకన చేయొద్దని మనవి. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కిచ్చే కార్బ్యురేటర్‌ను ఇంకా ప్రాణాలతో నిలబెడుతున్నవి అవే. కొత్త పెట్రోలు కార్లలో అది మాయమై ఇరవై ఏళ్లు దాటింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త బైకులూ దాదాపుగా వదిలేశాయి. గైడులో మాత్రం సోలెక్స్ రకం కార్బ్యురేటర్ చెక్కుచెదరలేదు. ప్రశ్న కూడా అదే: ‘పటము సహాయమున వివరింపుము’.

అలా వివరించి ఫస్ట్ క్లాసు కొట్టినవాణ్ణి మిస్సింగ్ కొడుతున్న కారు ముందు నిలబెట్టండి. బోనెట్ ఎత్తగానే కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ ఛాంబర్ కోసం వెతుకుతాడు. నల్ల ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనబడదు. ఏం ఫర్వాలేదు, మనవాడి దగ్గర సూత్రాలున్నాయి. కంప్రెషన్ నిష్పత్తి 10, గామా 1.4, కాబట్టి ఒట్టో సైకిల్ (పెట్రోలు ఇంజిన్‌కి పుస్తకాల్లో రాసే ఆదర్శ చక్రం) సామర్థ్యం 60 శాతం! కారు ఓనరు పొంగిపోతాడు. రోడ్డు మీద అందులో సగం దక్కితే గొప్పని ఆయనకెవరూ చెప్పలేదు. బండి వణుకుతూనే ఉంటుంది. మనవాడు పీవీ (పీడనం-ఘనపరిమాణం) పటం గీసి, బాణం గుర్తులు పెట్టి, కింద స్కేలుతో గీత కొడతాడు.

ఈలోగా టెన్త్ తప్పిన షెడ్డు కుర్రాడు కారు కంప్యూటర్లో లోపాల కోడ్ చదివే స్కానర్ తగిలిస్తాడు. పీ0302, అంటే రెండో సిలిండర్ మిస్. ఇంజిన్ ఆపి, ప్లగ్గుకి నిప్పురవ్వ పుట్టించే కాయిళ్లలో రెండోదాన్నీ మూడోదాన్నీ అటూ ఇటూ మార్చి, కోడ్ చెరిపి, మళ్లీ స్టార్ట్ చేస్తాడు. పీ0303 అని వచ్చిందా, పోయింది కాయిలే. రెండులోనే ఉండిపోయిందా, ప్లగ్గు చూడాలి, తర్వాత ఇంజెక్టర్, కంప్రెషన్. ఇందులో ఏ గైడూ ముట్టుకోని బ్రహ్మవిద్య ఏముందో పండితులే సెలవివ్వాలి.

గైడుకి ప్రాణప్రదమైన మాట ఇంకోటుంది: ‘బోల్టులను తగినంత బిగించవలెను’. ఎంత తగినంత? ఏ వరసలో? ఇంజిన్ పైభాగాన్ని పట్టి ఉంచే హెడ్ బోల్టుల్ని మధ్యలో మొదలెట్టి బయటివైపుకి, బిగింపు ఎంతో చూపే టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన విడతల్లో బిగించాలి. ఓ చివర నుంచి లాగించేస్తే హెడ్ కింద లీకు ఆపే గాస్కెట్ మీద ఒత్తిడి సమంగా పడదు. ఇక కూలెంట్ ఆయిల్లో కలుస్తుంది, ఆయిల్ మూత విప్పితే పాల టీ దర్శనమిస్తుంది. కానీ టార్క్ అంకెలు బండిబండికీ మారతాయి కదా, పరీక్షలో అడగరు. అడగనిది రాస్తే గైడుకి అప్రతిష్ట.

ఇక జాకీ. పాస్కల్ సూత్రం, పది మార్కులు. చిన్న పిస్టన్ 2 చదరపు సెంటీమీటర్లు, పెద్దది 40, బలం 20 రెట్లు. సరే, తప్పులేదు. మరి సీలు అరిగితే ఆ ఆయిలే వెనక్కి జారుతుందనీ, పైన ఉన్న కారు కిందికి దిగుతుందనీ రాయడానికి చెయ్యెందుకు రాలేదయ్యా? జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి కాదు! గట్టి సమతల నేల ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ వేయాలి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. కంపెనీ చూపిన చోట ఎత్తి, స్టాండ్ల మీద దించి, బండిని ఊపి చూశాకే మనిషి కిందికి దూరాలి. ఇటుకలు పనికిరావు, పగులుతాయి. పద్దెనిమిదేళ్ల పిల్లలు ఈ పుస్తకాలే చదివి కారు కిందికి పాకుతున్నారు. అరపేజీ ఖర్చయ్యేది, అంతే. ఆ అరపేజీలో గత ఐదేళ్ల ప్రశ్నలు అచ్చేశారు, ముఖ్యమైన వాటికి నక్షత్రం గుర్తు కూడా పెట్టి.